ఆదోనా, ప్రొద్దుటూరా: రెండో బొంబాయి ఎవరిది?

పోయిన నెల ఇదే పేజీలో మాటవరసకు "రెండో బొంబాయి ఆదోని" అని ఒక్క ముక్క రాశాం, అంతే. ప్రొద్దుటూరు పాఠకులు ఉత్తరాలతో, వాట్సాప్ మెసేజ్‌లతో మమ్మల్ని ఉతికి ఆరేశారు. ఆదోని వాళ్లు ఊరుకుంటారా, వాళ్లూ రాశారు. మధ్యలో బొంబాయి గురించి వేరే ప్రశ్నలు కూడా చాలా వచ్చాయి కాబట్టి ఈసారి పేజీ మొత్తం ఆ ఊరికే ఇచ్చేస్తున్నాం. 1995లో అది అధికారికంగా ముంబై అయిందని మాకూ తెలుసు, కానీ పాత సంగతులు చెప్పేటప్పుడు మన నోటికి బొంబాయి అనే వస్తుంది, సర్దుకోండి.

ప్రశ్న: బొంబాయిని పోర్చుగీసు వాళ్లు ఇంగ్లండు రాజుకు కట్నంగా ఇచ్చారని మా సోషల్ సార్ చెప్పేవారు. నిజమా, కథా? (ఓ పాఠకురాలు, కడప)

నిజమేనమ్మా. అప్పటికది ఒక ఊరు కాదు, ఏడు దీవులు. కొలాబా, చిన్న కొలాబా, బొంబాయి, మజగావ్, పరేల్, వర్లీ, మాహిం. కోలీలు అనే జాలర్లు ఉండేవాళ్లు, వాళ్లు కొలిచే అమ్మవారే ముంబాదేవి. 1534లో గుజరాత్ సుల్తాను బహదూర్ షా ఈ దీవుల్ని పోర్చుగీసు వాళ్లకు వదిలేశాడు. 1661లో పోర్చుగల్ రాజకుమారి కేథరిన్‌కు, ఇంగ్లండు రాజు రెండో చార్లెస్‌కు కుదిరిన పెళ్లి ఒప్పందంలో వీటిని కట్నం కింద రాసిచ్చారు. అల్లుడుగారికి ఆ కట్నంతో ఏం చేసుకోవాలో తెలీలేదు, 1668లో ఏడాదికి 10 పౌండ్ల అద్దెకు ఈస్టిండియా కంపెనీకి ఇచ్చేశాడు.

నవ్వుకోవడానికి మనకేం అర్హత లేదనుకోండి. 1800లో నిజాం మన కడప, కర్నూలు, అనంతపురం, బళ్లారి ప్రాంతాల్ని అదే కంపెనీకి రాసిచ్చింది తన దగ్గర ఉంచుకున్న ఇంగ్లిషు సైన్యం ఖర్చుల కింద. వాళ్లను కట్నం కింద ఇచ్చారు, మనల్ని బాకీ కింద జమ చేశారు.

ప్రశ్న: రెండో బొంబాయి అంటే ప్రొద్దుటూరే. ఆదోని అని ఎలా రాస్తారు? (ప్రొద్దుటూరు నుంచి చాలామంది) / ఆదోనికి ఆ పేరు ఎందుకొచ్చిందో కాస్త వివరంగా రాయండి, మా పిల్లలు నమ్మడం లేదు. (ఓ పాఠకుడు, ఆదోని)

ఇద్దరూ నిజమే చెప్తున్నారు, కాకపోతే మీ ఇద్దరి మనసులో ఉన్నది ఒకే బొంబాయి కాదు. ఆదోని వాళ్లది పత్తి, బట్టల బొంబాయి. ప్రొద్దుటూరు వాళ్లది బంగారం బొంబాయి. ఈ రెండూ ఎలా పుట్టాయో చెప్తే గొడవ దానంతటదే సద్దుమణుగుతుంది.

కంపెనీ చేతికొచ్చిన కొత్తలో బొంబాయి అంటే బురద, జ్వరాలు. మంచి రేవు ఒక్కటే దానికున్న ఆస్తి. 1669లో గవర్నరైన జెరాల్డ్ ఆంజియర్ ఒక తెలివైన పని చేశాడు. ఏ మతం వాళ్లైనా రండి, వ్యాపారం చేసుకోండి, మీ పద్ధతుల జోలికి మేం రాము అన్నాడు. గుజరాతీ వర్తకులు, పార్సీలు, బోహ్రాలు, అర్మేనియన్లు దిగారు. 1736లో సూరత్ నుంచి లవ్‌జీ నుస్సెర్వాన్‌జీ వాడియా అనే పార్సీ వడ్రంగి వచ్చి ఓడలు కట్టడం మొదలుపెడితే, ఆ కుటుంబం తరతరాలుగా బ్రిటిష్ నౌకాదళానికే ఓడలు కట్టి ఇచ్చింది. 1817లో బొంబాయిలో టేకుతో కట్టిన ట్రింకోమలీ అనే ఓడ ఇప్పటికీ ఇంగ్లండులో ఉంది. ఆ తర్వాత చైనాకు పత్తి, నల్లమందు. మాళవ నల్లమందు డబ్బు బొంబాయిలో చాలా మేడలకు పునాది, ఈ సంగతి మాత్రం ఎవరూ గట్టిగా చెప్పుకోరు.

ఇక మన కథలోకి వద్దాం. 1853 ఏప్రిల్ 16న బోరీబందర్ నుంచి ఠాణేకు 34 కిలోమీటర్లు మొదటి ప్రయాణికుల రైలు నడిచింది. ఆ మరుసటి ఏడాదే కావస్‌జీ దావర్ మొదటి నూలు మిల్లు కంపెనీ పెట్టాడు. ఇంతలో 1861లో ఎక్కడో అమెరికాలో అంతర్యుద్ధం వచ్చింది. లాంకషైర్ మిల్లులకు పత్తి ఎక్కువగా వచ్చేది అమెరికా నుంచే, అది ఆగిపోయేసరికి ఇంగ్లండు వాళ్లు మనవైపు తిరిగారు, పత్తి ధర ఆకాశానికి పోయింది, బొంబాయిలో డబ్బు ఎక్కడ పెట్టాలో తెలియక సముద్రాన్ని పూడ్చి స్థలాలమ్ముతామనే కంపెనీల మీద పెట్టారు. ప్రేమ్‌చంద్ రాయ్‌చంద్ అనే దళారి ఏ షేరు ముట్టుకుంటే అది లేచేది. 1865లో యుద్ధం ముగిసింది, అమెరికా పత్తి మళ్లీ వస్తుందని తెలియగానే మొత్తం కుప్పకూలింది, బ్యాంక్ ఆఫ్ బాంబే కూడా చివరికి దివాలా తీసింది.

మన నల్లరేగడిలో పత్తి కొత్తదేం కాదు. బళ్లారి, అనంతపురం వైపు పత్తిని వ్యాపారులు వెస్టర్న్స్ అనేవాళ్లు, నంద్యాల, కడప వైపు దాన్ని నార్తర్న్స్ అనేవాళ్లు. ఊళ్ల పేర్లు తెలియని వాళ్లు కూడా సరుకును ఆ పేర్లతో బేరమాడేవాళ్లు. కానీ అప్పట్లో సరుకు ఎద్దుల బండ్ల మీద, పెరికెద్దుల మీద కదలాల్సిందే. 1871లో బొంబాయి నుంచి వచ్చిన పట్టాలు, మద్రాసు నుంచి వచ్చిన పట్టాలు రాయచూరులో కలిశాయి. ఆదోని ఆ దారిలోనే ఉంది చూడండి, దాని జాతకం మారింది అక్కడే. జిన్నింగ్ మిల్లులు, బేళ్లు కట్టే ప్రెస్సులు వచ్చాయి. పత్తి ఇటు నుంచి పోయేది, బొంబాయి బట్ట అటు నుంచి వచ్చేది. రెండూ అమ్మే ఊరు కాబట్టి రెండో బొంబాయి అయింది.

ఇప్పటికీ సీజన్లో ఆదోని యార్డుకు పోయి చూడండి. వ్యాపారి బోరెంలోకి చెయ్యి పెట్టి లోపలి నుంచి పిడికెడు పత్తి లాగుతాడు, గింజ వదిలించి దూదిని రెండు బొటనవేళ్ల మధ్య పట్టి మెల్లగా చీలుస్తాడు, పింజ ఎంత పొడుగుందో, తేమ ఎంతుందో ఆ వేళ్లకే తెలుస్తుంది. పక్కన రైతు ఆ వేళ్ల వైపు చూడడు, ఆయన ముఖం వైపే చూస్తుంటాడు. ఇప్పుడు తేమ చూసే మిషన్లొచ్చాయి, టెండర్లు కంప్యూటర్లో వేస్తున్నారు, అయినా ఆ చీల్చడం పోలేదు.

ఒక్క సంగతి ఇక్కడ చెప్పకుండా ఉండలేం. ప్రేమ్‌చంద్ రాయ్‌చంద్ ఇచ్చిన డబ్బుతో బొంబాయి యూనివర్సిటీలో ఆయన తల్లి పేర రాజాబాయి గడియార స్తంభం కట్టారు. 1869లో మొదలై 1878లో పూర్తయింది. సరిగ్గా 1876–78 మన దగ్గర ధాత కరువు. మద్రాసు రాజధానిలో బళ్లారి, కర్నూలు, కడప జిల్లాలంత దెబ్బ తిన్నవి తక్కువ. పత్తి ధర లేచినప్పుడు లాభం ఎక్కువగా పోయింది బొంబాయికే, ధర పడి, ఆ తర్వాత వానలు కూడా లేకపోయేసరికి ప్రాణాలు పోయింది ఇక్కడ. రెండో బొంబాయి అని మురిసిపోయే ముందు ఈ లెక్క కూడా వేసుకోవాలని మా అభిప్రాయం. రైతు గింజతో సహా పత్తి అమ్మాడు, తిరిగి అదే పత్తిని పంచెగా, చీరగా కొనుక్కున్నాడు, మధ్యలో మిగిలిందంతా బొంబాయి సేఠ్‌ల మేడల్లోకి, ఇంకా పై వాళ్లయితే మలబార్ హిల్ బంగళాల్లోకి చేరింది.

ఇక ప్రొద్దుటూరు. బొంబాయిలో ముంబాదేవి గుడి చుట్టూ ఉండే ఝవేరీ బజారే దేశంలో బంగారం వ్యాపారానికి పెద్ద అడ్డా. పొద్దున్నే అక్కడ కొలిమి గదుల ముందు వీధిని కుంచె చీపుర్లతో ఊడ్చి, ఆ దుమ్మును ఇనప తట్టల్లో కడిగి, రాలిన బంగారం రజను ఏరుకుని బతికే మనుషులు ఇప్పటికీ ఉన్నారు. అంత బంగారం చేతులు మారుతుంది. మన దగ్గర పత్తి, వేరుశెనగ అమ్మిన డబ్బు ఏ బ్యాంకుకూ పోయేది కాదు, బంగారంగా మారేది. ఆ మార్చే ఊరు ప్రొద్దుటూరు. పసిడిపురి అని ఊరికే అనలేదు. 1963లో బంగారం నియంత్రణ వచ్చి 14 క్యారెట్లకు మించి నగలు చేయకూడదన్నప్పుడు దేశమంతా ఆచారుల కుటుంబాలు వీధిన పడ్డాయి, ఆ దెబ్బ ఝవేరీ బజార్‌కూ తగిలింది, మన ఊళ్లకూ తగిలింది. 1968లో బంగారం నియంత్రణే చట్టమైంది, 1990లో ఎత్తేశారు. ఆ మధ్యకాలమంతా బొంబాయి తీరంలో దొంగ బంగారం దిగడం, సినిమాల్లో విలన్లకు పని దొరకడం, అదంతా మీకు తెలిసిందే.

మీ రెండు ఊళ్ల సరుకూ ఒకే ఓడలో ఉన్న రోజు ఒకటుంది. 1944 ఏప్రిల్ 14. బొంబాయి విక్టోరియా డాక్‌లో ఫోర్ట్ స్టికైన్ అనే ఓడ ఆగి ఉంది. దాన్లో సుమారు 1,400 టన్నుల పేలుడు సామాగ్రి, పత్తి బేళ్లు, బంగారం కడ్డీలు. పత్తికి నిప్పంటుకుంది, సాయంత్రం నాలుగు దాటాక ఓడ పేలిపోయింది. రేవు, పక్క వీధులు నాశనమై వందల మంది చనిపోయారు, మంటలార్పడానికి వెళ్లిన ఫైర్ సిబ్బంది కూడా. కాలుతున్న పత్తి ఊరి మీద వాన కురిసినట్టు పడింది, ఒక బంగారం కడ్డీ అయితే ఎక్కడో దూరంగా ఓ పార్సీ పెద్దాయన ఇంటి కప్పు చీల్చుకుని లోపల పడిందట, ఆయన దాన్ని తీసుకెళ్లి అప్పగించాడు. రేవులో పూడిక తీసేటప్పుడు ఎన్నో ఏళ్లపాటు కడ్డీలు దొరుకుతూనే ఉన్నాయి. ఏప్రిల్ 14న ఫైర్ సర్వీస్ దినం జరిపేది అందుకే.

కాబట్టి తీర్పు: పత్తిలో ఆదోని, పసిడిలో ప్రొద్దుటూరు. ఇంకా ఒప్పుకోకపోతే మీరూ మీరూ ఎర్రగుంట్ల ప్లాట్‌ఫాం మీద తేల్చుకోండి, మమ్మల్ని లాగకండి.

ప్రశ్న: కామాటిపుర పేరు మన తెలుగువాళ్ల వల్లే వచ్చిందా? (ఓ పాఠకుడు, కర్నూలు)

అవును. ఏడు దీవుల మధ్య నీళ్లను కట్టడి చేసి, నేల పూడ్చి, ఇళ్లు కట్టేందుకు కూలీలు కావాల్సొచ్చింది. నిజాం రాజ్యం నుంచి వెళ్లిన తెలుగు కూలీలు, మేస్త్రీలను అక్కడ కామాఠీలు అన్నారు, వాళ్లున్న చోటే కామాటిపుర. బొంబాయిలో 19వ శతాబ్దపు పెద్ద కట్టడాల వెనక వీళ్ల చెమట ఉంది. కొందరు కాంట్రాక్టర్లయ్యారు, పూణేలో జోతిబా ఫూలే సత్యశోధక్ సమాజ్ నడిపినప్పుడు ఆయనకు అండగా నిలిచిన వాళ్లలో ఈ తెలుగు కాంట్రాక్టర్లున్నారు. తర్వాతి కాలంలో ఆ పేటకు వేశ్యావాడ అనే ముద్ర పడింది, ఇప్పుడు ఆ మాట వినగానే జనం నవ్వే నవ్వు మనకు నచ్చదు. ఇళ్లు కట్టినవాళ్ల పేరు అది.

మిల్లుల కాలంలో తెలంగాణ, షోలాపూర్ వైపు నుంచి పద్మశాలీలు వెళ్లి వర్లీ, ప్రభాదేవి చుట్టుపక్కల స్థిరపడ్డారు. కార్పొరేషన్ తెలుగు మీడియం బడులు నడిపింది. దాదర్‌లో ఆంధ్ర మహాసభ ఇప్పటికీ ఉంది. మన సీమ నుంచి వెళ్లినవాళ్లు తక్కువే, మనకు మద్రాసు, బెంగళూరు దగ్గర. గల్ఫ్ మొదలయ్యాకే రాజంపేట, రాయచోటి వైపు వాళ్లకు బొంబాయి తెలిసింది. వీసా వచ్చేదాకా ఏజెంట్ చూపించిన ఇరుకు గదిలో పదిమందితో పడుకుని, ఈ రోజా రేపా అని టెన్షన్‌తో గడిపిన వాళ్లు మన జిల్లాల్లో ఊరికొకరు దొరుకుతారు. వాళ్లను బొంబాయి ఎలా ఉందని అడిగితే ఎయిర్‌పోర్టు దారి తప్ప ఇంకేం చెప్పలేరు, పాపం.

ప్రశ్న: తొలి తెలుగు టాకీని బొంబాయిలో ఎందుకు తీశారు? మద్రాసు ఉందిగా. (ఓ పాఠకురాలు, పులివెందుల)

అప్పటికి మద్రాసులో టాకీ తీసే సౌండు స్టూడియో లేదు. బొంబాయిలో ఆర్దేశిర్ ఇరానీ ఇంపీరియల్ కంపెనీ 1931 మార్చిలో దేశంలోనే తొలి టాకీ ఆలం ఆరా విడుదల చేసింది. అక్కడే పనిచేసిన హెచ్.ఎం. రెడ్డి డైరెక్షన్లో భక్త ప్రహ్లాద తయారై 1932లో వచ్చింది. అందులో లీలావతి సురభి కమలాబాయి. సురభి ఎక్కడిదో మీకు చెప్పాలా, 1885లో వనారస గోవిందరావు నాటక సమాజం పెట్టిన మీ కడప జిల్లా పల్లె. మిషన్లు బొంబాయివి, నటన మాత్రం సురభి నుంచి వెళ్లింది.

ప్రశ్న: అదే 1885లో బొంబాయిలో జరిగిన కాంగ్రెస్ తొలి సభకు మన వాళ్లెవరైనా వెళ్లారా? (గుత్తి)

మీ ఊరి ఆయనే. గుత్తి వకీలు పట్టు కేశవ పిళ్లె. మొత్తం ప్రతినిధులు 72 మంది. అప్పటికి గుత్తి మీదుగా బొంబాయికి నేరుగా రైలుంది, సభకు పోవడం పెద్ద పని కాదు, అంత ముందుగా పోవాలనిపించడమే గొప్ప.

ప్రశ్న: బొంబాయి దేశానికి రాజధాని కాకుండానే అంత పెద్దదైంది. మా కర్నూలు రాజధానై కూడా ఎందుకు పెరగలేదు? (ఓ పాఠకుడు, కర్నూలు)

అన్నా, మూడేళ్లలో ఏ ఊరు పెరుగుతుంది? 1953 అక్టోబరు 1న రాజధాని అయ్యాం, 1956 నవంబరు 1న హైదరాబాద్ పోయింది. గుడారాల్లో ఆఫీసులు నడిపిన రోజులవి. పైగా అసలు ఆ అవకాశం వచ్చిందే మద్రాసు దక్కకపోవడం వల్ల, 1937 శ్రీబాగ్ ఒడంబడిక (రాజధానో హైకోర్టో సీమకివ్వాలన్న ఒప్పందం) మాట వల్ల.

బొంబాయి విషయంలో కూడా ఇదే పేచీ వచ్చింది. 1956లో మరాఠీ, గుజరాతీ వాళ్లను కలిపి ఒకే బొంబాయి రాష్ట్రం చేశారు. పెట్టుబడి ఎక్కువగా గుజరాతీ, పార్సీ సేఠ్‌లది, మిల్లుల్లో చెమట ఎక్కువగా కొంకణ్, దేశ్ (పడమటి కనుమలకు ఇవతలి మరాఠీ ప్రాంతం) నుంచి వచ్చిన మరాఠీ వాళ్లది, ఊరు ఎవరిదనేదే తగువు. సంయుక్త మహారాష్ట్ర ఉద్యమంలో వందమందికి పైగా కాల్పుల్లో పోయారు, ఫ్లోరా ఫౌంటెన్ దగ్గర హుతాత్మా చౌక్ వాళ్ల గుర్తే. 1960 మే 1న బొంబాయితో సహా మహారాష్ట్ర వచ్చింది. వాళ్లకు ఊరు దక్కింది, మనకు దక్కలేదు. ఇంతకంటే రాస్తే మద్రాసు పాఠకులు కూడా ఉత్తరాలు మొదలుపెడతారు.

ఊరు పెరగడానికి సెక్రటేరియట్ చాలదు. బొంబాయికి రేవు ఉంది, రైలు ఉంది, దూరం నుంచి సరుకు, మనిషి ఆగకుండా వచ్చారు. కర్నూలుకు తుంగభద్ర, హంద్రీ ఉన్నాయి గానీ ఓడలు రావుగా.

ప్రశ్న: 1982 మిల్లుల సమ్మె ఎలా ముగిసింది? మా నాన్న గుంతకల్లు స్పిన్నింగ్ మిల్లులో చేసేవారు, ఆ సమ్మె గురించి తరచూ చెప్పేవారు. (గుంతకల్లు)

ముగియలేదండీ, అదే విషాదం. 1982 జనవరి 18న దత్తా సామంత్ నాయకత్వంలో దాదాపు రెండున్నర లక్షల మంది పని ఆపారు. ఏడాది దాటినా యజమానులు దిగిరాలేదు, సమ్మె విరమించినట్టు ఎవరూ ప్రకటించనూ లేదు. కార్మికులు ఒక్కొక్కరే ఊళ్లకు వెళ్లిపోయారు, కొందరు తిరిగొచ్చేసరికి పని లేదు. మిల్లులకు అప్పటికే పవర్‌లూమ్‌ల పోటీ ఉంది, పైగా నూలు మీద వచ్చేదాని కంటే ఆ స్థలాలకే ఎక్కువ ధర పలుకుతోంది, ఇంక నడపాలని ఎవరికుంటుంది? గిరణ్‌గావ్ అంటే మిల్లుల ఊరు. ఇప్పుడక్కడ మాల్స్, ఆఫీసులు, మధ్యలో అక్కడక్కడా వదిలేసిన చిమ్నీలు. మన వైపు స్పిన్నింగ్ మిల్లులు మూతపడటానికి కారణాలు వేరు, కానీ పీఎఫ్ కాగితాలు పట్టుకుని తిరిగిన కార్మికుల ముఖాలు రెండు చోట్లా ఒకటే. మీ నాన్నగారు చెప్పినవి మీకు గుర్తున్నంతవరకు రాసి పంపండి, వేసుకుంటాం.

ప్రశ్న: మా అబ్బాయికి ముంబైలో ఉద్యోగం వచ్చింది. చూడ్డానికి వెళ్తున్నాం. గేట్‌వే, తాజ్ హోటల్ కాకుండా మీరు రాసే ఈ పాత సంగతులు కనిపించే చోట్లు చెప్పండి. (ఓ దంపతులు, అనంతపురం)

ఉద్యాన్ ఎక్స్‌ప్రెస్‌కు వెళ్తే నేరుగా సీఎస్‌ఎంటీలో (ఛత్రపతి శివాజీ మహారాజ్ టెర్మినస్, పాత వీటీ) దిగుతారు, ఆ స్టేషనే మొదటి వింత. అక్కడి నుంచి నడుచుకుంటూ దలాల్ స్ట్రీట్, ఓవల్ మైదానం దాకా పోతే రాజాబాయి స్తంభం కనిపిస్తుంది. ఝవేరీ బజార్‌కు ఆదివారం పోవద్దు, దుకాణాలు చాలావరకు మూసుంటాయి. బైకుల్లాలో భావ్ దాజీ లాడ్ మ్యూజియం తప్పకుండా చూడండి, పాత బొంబాయి పనివాళ్లు, వాళ్ల వేషాలు మట్టి బొమ్మల్లో ఉంటాయి. సీఎస్‌ఎంటీ నుంచి హార్బర్ లైన్ లోకల్ ఎక్కి కాటన్ గ్రీన్‌లో దిగితే పాత పత్తి ఎక్స్ఛేంజ్ భవనం పచ్చ రంగులో కనిపిస్తుంది, మన బేళ్ల బేరాలు జరిగిన చోటు. మధ్యలో డాక్‌యార్డ్ రోడ్ వస్తుంది, రేవు అటువైపే. లోకల్ మాత్రం పదకొండు తర్వాత ఎక్కండి. అంతకు ముందు ఎక్కితే దిగలేరు.

ఇంకోటి. మీ అబ్బాయి అద్దె ఫ్లాటు కాస్త పాతదైతే వంటింటి గట్టు మీద నల్లరాయి పరిచి ఉంటుంది. అక్కడి మేస్త్రీలు దాన్ని కడప్పా అంటారు. మన కడప బండే. నిమ్మరసం, చింతపండు పడితే మచ్చ పడుతుంది, వెంటనే తుడవమని అబ్బాయికి చెప్పి రండి.